నక్కవాగు నీళ్లను ఏ కొలతతో కొలవాలి?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ మురుగును మోసుకుంటూ పారే నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర గోదావరిలో కలుస్తుంది. పెద్ద పటాల్లో పేరు కూడా కనిపించని ఈ వాగు మీద పేరుకున్నన్ని కాగితాలు మన పెద్ద నదులు చాలావాటి మీద లేవు. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యం, దాని వెంట హైకోర్టు, హరిత ట్రిబ్యునల్ ఉత్తర్వులు, కాలుష్య నియంత్రణ మండలి నివేదికలు, స్వీడన్ శాస్త్రవేత్తల పరిశోధన పత్రాలు, ఊళ్లవాళ్ల అర్జీలు. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. మురుగు కొలత అయిన బీఓడీ తగ్గిందంటుంది ఒక కాగితం. మందుల అవశేషాలు ప్రపంచంలో ఎక్కడా లేనంతగా ఉన్నాయంటుంది ఇంకొకటి. చేపలు చచ్చాయి, నష్టం కట్టివ్వండి అంటుంది మరొకటి.

ఇందులో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుకోవడం తేలిక. కొన్నిసార్లు అది నిజం కూడా. కానీ చిక్కు అక్కడితో తీరదు. నీటి కాలుష్యం వల్ల ప్రాణికోటికి వచ్చే ముప్పును అంచనా వేయడంలో మూడు వేర్వేరు ఆలోచనా ధోరణులున్నాయి. వాటి పుట్టుక వేరు, కొలతలు వేరు, అవి వేసుకునే ప్రశ్నలూ వేరు. మన దగ్గర ఆ మూడూ ఒకే ఫైల్లో కలగాపులగమయ్యాయి. వాటిని విడదీసి చూడటానికి పటాన్‌చెరును మించిన ఉదాహరణ దొరకదు.

ఆక్సిజన్ లెక్కతో మొదలు

నీటి కాలుష్యానికి మొదట దొరికిన నికరమైన కొలత ఆక్సిజన్. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని తినే బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. ఎంత వాడుకుందో కొలిస్తే మురుగు ఎంతుందో తెలుస్తుంది. అదే బీఓడీ. 1898లో ఇంగ్లండ్‌లో ఏర్పడిన రాయల్ కమిషన్ 1912 నాటి ఎనిమిదో నివేదికలో, శుద్ధి చేసిన మురుగులో బీఓడీ లీటరుకు 20 మిల్లీగ్రాములు, తేలియాడే మలినాలు 30 మిల్లీగ్రాములు మించరాదని చెప్పింది. ఆ అంకెల వెనక ఒక షరతు ఉంది: మురుగుకు కనీసం ఎనిమిది రెట్లు శుభ్రమైన నది నీరు వచ్చి కలవాలి. అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. షరతును మాత్రం చాలాచోట్ల మరిచారు.

మన 1974 నాటి జల చట్టం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాలు ఈ దారిలో వచ్చినవే. నదులూ వాగుల్లోకి వదిలే వ్యర్థజలాల్లో బీఓడీ 30, సీఓడీ (బ్యాక్టీరియాతో కాక రసాయనంతో కొలిచే ఆక్సిజన్ లెక్క) 250 మిల్లీగ్రాములు దాటకూడదన్నారు. మన వేడికి తగినట్టు పరీక్షను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులకు మార్చుకున్నారు. అది మెచ్చుకోదగ్గ పని. దేశంలో కలుషిత నదీ భాగాల జాబితా కూడా ఈ కొలత మీదే తయారవుతుంది. 2018లో అవి 351, 2022 నివేదికలో 311. బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ భాగం జాబితాకెక్కుతుంది.

ఊళ్ల మురుగుకు ఇది మంచి కొలతే. మందుల ఫ్యాక్టరీల మురుగు దగ్గరికొచ్చేసరికి ఈ కొలతే తడబడుతుంది. బీఓడీ పరీక్షలో పనిచేసేది బ్యాక్టీరియా. సీసాలో పోసిన నీళ్లలో బ్యాక్టీరియాను చంపే మందే ఉంటే, బ్యాక్టీరియా మురుగును తినదు, ఆక్సిజన్ ఖర్చు కాదు, బీఓడీ తక్కువగా నమోదవుతుంది. విషం ఎక్కువైన కొద్దీ నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు అంకె చెబుతుందన్నమాట. అనుభవమున్న ఇంజనీర్లు అందుకే సీఓడీని పక్కన పెట్టుకుని, రెండింటి మధ్య తేడా విపరీతంగా ఉంటే అనుమానిస్తారు. కానీ ఆ అనుమానం జాబితాల్లోకి ఎక్కదు.

భాగహారం మీద నిలిచిన ధోరణి

1962లో రేచల్ కార్సన్ పుస్తకం ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చాక, కొన్ని రసాయనాలు ఆక్సిజన్‌ను ముట్టుకోకుండానే చంపుతాయని జనానికి అర్థమైంది. ఆక్సిజన్ లెక్కతో మొదలైన రసాయన ధోరణికి ఒక్కో రసాయనానికి ఒక్కో హద్దు కావాల్సొచ్చింది. అమెరికా పర్యావరణ సంస్థ 1992లో ఒక చట్రాన్ని, 1998లో పూర్తి మార్గదర్శకాలను ప్రచురించడంతో జీవావరణ ముప్పు అంచనా ఒక శాస్త్రంగా కుదురుకుంది. ముందు ఏ ప్రాణులను కాపాడాలో తేల్చుకోవడం, తర్వాత వాటికి ఎంత విషం తగులుతోందో, అది ఏం చేస్తోందో చూడటం, చివరికి రెండింటినీ కలిపి ముప్పు ఎంతో చెప్పడం దాని వరస.

ఆచరణలో అదంతా ఒక భాగహారంగా కుదించుకుపోయింది. నీళ్లలో ఉన్న మోతాదును, ప్రాణులకు హాని చేయదని భావించే మోతాదుతో భాగిస్తారు. ఫలితం ఒకటి దాటితే ముప్పు ఉన్నట్టు. హాని చేయని మోతాదును పట్టుకోవడానికి నాచు, డాఫ్నియా అనే నీటి ప్రాణి, చేప మీద ప్రయోగశాలలో పరీక్షలు చేస్తారు. వాటిలో అన్నిటికన్నా సున్నితమైన ప్రాణికి వచ్చిన అంకెను తీసుకుని, స్వల్పకాల పరీక్షలే ఉంటే 1000తో, దీర్ఘకాల పరీక్షలు మూడు రకాల ప్రాణుల మీదా ఉంటే 10తో భాగిస్తారు. మనకు ఎంత తెలియదో అంత పెద్ద అంకెతో భాగించడం ఈ పద్ధతిలోని నిజాయితీ.

పటాన్‌చెరును ప్రపంచపటం మీదికి తెచ్చింది ఈ ధోరణే. దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేసే అక్కడి ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయిన తర్వాతి నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు ఆ గొట్టంలోంచి పోతోందని, స్వీడన్ దేశం మొత్తం ఐదు రోజుల్లో వాడేది అంతేనని వాళ్లు లెక్కగట్టారు. 2009లో వచ్చిన మరో పత్రం చుట్టుపక్కల చెరువుల్లో కూడా అదే మందు లీటరుకు 6.5 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపింది.

2016లో బెంగ్ట్‌సన్-పాల్మే, లార్సన్ 111 యాంటీబయాటిక్‌లకు హద్దులు ప్రతిపాదించారు. ఆ హద్దు దాటితే నీళ్లలోని బ్యాక్టీరియాలో మందుకు లొంగనివి మిగిలి పెరగడం మొదలవుతుందని అంచనా. సిప్రోఫ్లోక్సాసిన్‌కు అది లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007 నాటి అంకెను దీనితో భాగిస్తే నాలుగు లక్షల ఎనభై వేలు దాటుతుంది. ఒకటి దాటితే జాగ్రత్తపడాలన్న చోట ఇంత వస్తే, పద్ధతిలో ఎన్ని లోపాలున్నా తీర్పు మారదు. ఈ ధోరణిని ఎంత విమర్శించినా ఈ మేలు ఒప్పుకోవాలి: తెలియని మందుకు, కనిపించని విషానికి అది ఒక అంకెనిచ్చి, కోర్టులో నిలబడగల వాదం చేసింది.

చిక్కు వచ్చేది నిష్పత్తి ఒకటికి అటూఇటూ ఊగే చోట, అంటే మన చెరువుల్లో ఎక్కువ భాగం ఉండే చోట. అక్కడ ప్రతి ఊహా బరువైనదే. పరీక్షలు చేసేది చల్లటి దేశాల ప్రాణుల మీద, ఎక్కువగా 20 డిగ్రీల నీళ్లలో. ఆ వేడి దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్‌ను పట్టి ఉంచగలవు. 30 డిగ్రీలకు చేరితే అది ఏడున్నరకు పడిపోతుంది. అమ్మోనియా సంగతి ఇంకా కఠినం. చేప మొప్పలను కాల్చే స్వేచ్ఛా అమ్మోనియా వాటా వేడితోనూ, నీటి క్షారత్వంతోనూ పెరుగుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే దాదాపు పది రెట్లవుతుంది. నాచు పట్టిన చెరువుల్లో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. పొద్దున్నే చేపలు నీటిపైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే రాత్రంతా ఈ లెక్కలన్నీ వాటి మీద కలిసి పడ్డాయని. ఒక్కో రసాయనానికి ఒక్కో నిష్పత్తి కట్టే పద్ధతికి ఆ రాత్రి అందదు.

వాగునే అడగమనే ధోరణి

రెండో ధోరణి వయసులో మొదటిదానికి సాటి. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలోనే జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు నీళ్లలో ఏ ప్రాణులుంటే ఆ నీళ్లు ఎంత మురికో చెప్పే పట్టికలు తయారుచేశారు. బ్రిటన్‌లో తర్వాత వచ్చిన పద్ధతిలో పురుగుల కుటుంబాలకు ఒకటి నుంచి పది దాకా మార్కులు వేస్తారు. వాగు అడుగున రాళ్లను కాలితో కదిపి, దిగువన వల పట్టి, పట్టుకున్నదాన్ని తెల్లటి ట్రేలో గుమ్మరిస్తారు. మూడు సన్నటి తోకపోగులతో, పొట్టకు రెండు పక్కలా మొప్పలు ఆడిస్తూ మేఫ్లై పిల్లలు కనిపిస్తే వాగు ఆరోగ్యంగా ఉన్నట్టే. అవి లేకుండా ఎర్రటి కైరోనమిడ్ లార్వాలు, దారాల్లాంటి ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రమే మెలికలు తిరుగుతుంటే ఊపిరాడని నీళ్లన్నమాట. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్ చాలని చోట ఉన్న కొద్దిపాటిని అది ఒడిసి పట్టుకుంటుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా ఇలాంటి జీవ ప్రమాణాలను రూపొందించింది. కానీ నది ఏ తరగతిదో నిర్ణయించేది ఇప్పటికీ రసాయన పరీక్షలే.

ఈ ధోరణికి బలం జ్ఞాపకం. నెలకోసారి తీసే నీటి నమూనాకు ఆ క్షణమే తెలుసు. పురుగులు నెలల తరబడి ఆ నీళ్లలోనే ఉన్నాయి. పెద్ద ఎత్తున చేసిన ప్రయోగాలు దీనికి ఇంకో బలాన్నిచ్చాయి. కెనడాలోని ఒంటారియోలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి మూడు వేసవులు గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్‌ను లీటరుకు 5, 6 నానోగ్రాముల చొప్పున కలిపారు. ఆ మోతాదుకు ఏ చేపా తక్షణం చావదు. కానీ మగ చేపల్లో గుడ్డుకు సంబంధించిన ప్రోటీన్ తయారైంది, సంతానం ఆగిపోయింది, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప ఆ సరస్సులో దాదాపు కనిపించకుండా పోయింది. నాలుగు రోజుల చేప పరీక్ష ఈ సంగతిని ఎప్పటికీ చెప్పలేదు.

ఇక్కడ మన నియమాల్లోని ఒక వాక్యాన్ని గుర్తుచేయాలి. వదిలే వ్యర్థజలాల్లో, ఏ నీళ్లూ కలపకుండా, 96 గంటల తర్వాత నూటికి 90 చేపలు బతకాలని మన సాధారణ ప్రమాణాల్లోనే ఉంది. ప్రాణిని సాక్షిగా పిలిచిన ఆ నియమం విలువైనది. కానీ నాలుగు రోజులు బతకడం వేరు, పెరిగి గుడ్లు పెట్టడం వేరు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లను వెయ్యిలో రెండు పాళ్లకు పలచన చేసి, రెండు వారాలు తోకకప్పలను పెంచిన స్వీడన్ పరీక్షలో వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. ఆ ఫలితం 2009లో వచ్చింది.

లోపాలూ తక్కువేం కావు. పురుగుల పట్టిక ఏదో జరిగిందని చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు. ఆనకట్ట కట్టినా, ఇసుక తవ్వినా, గుర్రపుడెక్క కమ్మినా మార్కులు తగ్గుతాయి. కంపెనీ తరఫు వకీలుకు ఇంతకంటే మంచి సందు దొరకదు. పైగా ఏడాదంతా పారే ఇంగ్లండ్ నదులకు కట్టిన మార్కులు ఎండాకాలం గుంటలుగా మిగిలే దక్కన్ వాగులకు ఎంతవరకు వర్తిస్తాయి? ‘చెడిపోని వాగు’ అంటే ఇలా ఉంటుందని చూపించడానికి హైదరాబాద్ చుట్టూ ఒక్కటైనా మిగలాలి కదా.

గొట్టం దగ్గరే ఆపమనే ధోరణి

మూడో ధోరణి వాళ్లు ఈ అంచనాలన్నిటినీ అనుమానంగా చూస్తారు. లెక్కలు తేలేసరికి వాగు ఉండదని వాళ్ల వాదన. విచ్ఛిన్నం కాకుండా దశాబ్దాలు నిలిచే, ఒంట్లో పేరుకునే పదార్థాలకు హద్దులు కట్టడం కాదు, వాటి తయారీనే మానాలన్న సూత్రం మీదే 2001లో స్టాక్‌హోమ్ ఒప్పందం వచ్చింది. మన దగ్గర ఆ ఆలోచన చుక్క నీరు బయటికి వదలకూడదన్న ‘జీరో లిక్విడ్ డిశ్చార్జ్’ రూపంలో మందుల కంపెనీల మీదికొచ్చింది. నీళ్లను మరిగించి ఆవిరి చేస్తారు. మిగిలిన ఉప్పు ముద్దను దుండిగల్‌లాంటి ప్రమాదకర వ్యర్థాల స్థలాలకు తరలిస్తారు. వాగు మీద భారం తగ్గుతుంది, నిజమే. కానీ బొగ్గు, కరెంటు ఖర్చు పెరుగుతుంది, విషం నేల మీదికి మారుతుంది. ఖర్చు తప్పించుకోవాలనుకునేవాళ్లకు రాత్రిపూట ట్యాంకర్ తేలికైన దారవుతుంది.

యాంటీబయాటిక్‌ల విషయంలో మాత్రం ఈ ధోరణికి సాటిలేని బలం ఉందని నా అభిప్రాయం. మామూలు విషం దిగువకు పోయేకొద్దీ పలచబడుతుంది. మందుకు లొంగని గుణం పలచబడదు, పెరుగుతుంది. ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి జన్యువుగా దాటుతుంది. పటాన్‌చెరు దిగువ వాగు మట్టిలో ఆ జన్యువులు, వాటిని మోసే జన్యు శకలాలు విపరీతంగా ఉన్నాయని 2011లోనే తేలింది. ఉమ్మడి కేంద్రంలో బ్యాక్టీరియా బాగా పనిచేయాలని ఇళ్ల మురుగును కూడా కలిపేవారు. మనిషి పేగుల్లోని సూక్ష్మజీవులనూ, మోతాదుకు మించిన మందులనూ ఒకే తొట్టిలో రోజుల తరబడి కలిపి ఉంచడమంటే లొంగని రకాలను ఏరి పెంచడమే.

2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 121 యాంటీబయాటిక్‌లకు వ్యర్థజలాల్లో హద్దులు విధిస్తూ ముసాయిదా ప్రకటించింది. ప్రపంచంలో ఏ దేశమూ చేయని పని అది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద మార్గదర్శకాలు ప్రచురించింది 2024 సెప్టెంబరులో. ముందుండే అవకాశాన్ని మనమే వదులుకున్నాం. ఇది చెప్పుకోవడానికి బాధగా ఉన్నా చెప్పుకోవాల్సిందే.

మూడింటినీ పక్కపక్కన పెడితే

తొలకరి వానలో, ఎవరూ చూడని వేళ, ఒక ట్యాంకర్ వాగులో ఖాళీ అయిందనుకుందాం. నెలకోసారి నమూనా తీసే రసాయన ధోరణికి అది దొరికే అవకాశం చాలా తక్కువ. దొరికితే మాత్రం ఏ పదార్థమో, ఎంతో, ఏ కంపెనీ తయారుచేస్తుందో చెప్పగలదు. పురుగుల ట్రేకు అది వారం తర్వాతైనా దొరుకుతుంది, కానీ దోషి పేరు చెప్పలేదు. గొట్టం దగ్గర ఆపమనేవాళ్లు ఫ్యాక్టరీలోకి ఎంత ముడిసరుకు పోయింది, ఎంత మందు బయటికొచ్చింది, తేడా ఎక్కడ, ట్యాంకర్ ఏ దారిన పోయింది అని అడుగుతారు. దోషి దొరుకుతాడు, వాగుకు ఎంత నష్టమైందో మాత్రం తేలదు. నష్టపరిహారం దగ్గరికొచ్చేసరికి ఈ మూడు సాక్ష్యాలూ కావాలి. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలినప్పుడు మత్స్యకారుల నష్టాన్ని ఎలాగోలా లెక్కకట్టొచ్చు, ఆ చేపలకు సంతలో ధర ఉంది కాబట్టి. వాటితోపాటు పోయిన నత్తలకు, కప్పలకు, వాటిని తిని బతికే కొంగలకు ఏ ఫైల్లోనూ గడి లేదు.

ఖర్చులోనూ తేడా పెద్దదే. మందుల అవశేషాలను పట్టే యంత్రాలు కోట్లలో ఉంటాయి, వాటిని నడిపే ల్యాబులు మన దగ్గర కొన్నే. వల, ట్రే, చదువుకున్న నలుగురు కుర్రాళ్లు ఏ డిగ్రీ కాలేజీలోనైనా దొరుకుతారు. మన రాష్ట్రాలు ముందుగా పట్టుకోవాల్సింది ఈ రెండో దారినే. అది మొదటిదానికి బదులు కాదు. ఖరీదైన పరీక్ష ఎక్కడ చేయాలో అది చూపిస్తుంది.

ఇంకా తేలనివి

మిశ్రమాల సంగతి అన్నిటికంటే ముందుంది. విడివిడిగా ఏ ప్రభావమూ చూపని ఎనిమిది హార్మోన్ తరహా రసాయనాలను కలిపితే స్పష్టమైన ప్రభావం కనిపించిందని 2002లో లండన్ శాస్త్రవేత్తలు నిరూపించారు. పటాన్‌చెరు నీళ్లలో 2007లో పదకొండు మందులు లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటాయి. ఒకే తీరున పనిచేసే వాటి ప్రభావాలను కూడొచ్చు. వేర్వేరు తీరుల్లో పనిచేసేవాటిని ఎలా కలపాలన్న దాని మీద శాస్త్రవేత్తలకు ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. మన నియమాలు ఆ ప్రశ్న దాకా రాలేదు.

ఎవరిని కాపాడాలన్నది రెండోది. వన్యప్రాణులకు, చేపలకు తగిన నీళ్లంటూ కేంద్ర మండలి పెట్టిన ‘డి’ తరగతిలో ఉన్న కొలతలు మూడే: పీహెచ్, కరిగిన ఆక్సిజన్, స్వేచ్ఛా అమ్మోనియా. పురుగుమందు, భారలోహం, మందు అవశేషం ఏదీ లేదు. ఆ మూడూ బాగున్న నీళ్లలో చేప సంతానం లేకుండా బతకొచ్చు. కొల్లేరులో ఇదే ప్రశ్న ఇంకో రూపంలో ఉంది. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కిన ఆ సరస్సు వలస పక్షులదా, చేపల చెరువులదా అన్నది తేల్చుకోకుండా, బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లలో ఎంత ఎరువు ఉండొచ్చో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మూడోది పలచన లెక్క. గొట్టంలోంచి వచ్చేది నదిలో కలిసి కనీసం పది రెట్లు పలచబడుతుందని యూరప్ అంచనాల్లో మామూలుగా అనుకుంటారు. రాయల్ కమిషన్ ఎనిమిది రెట్లంది. ఏప్రిల్, మే నెలల్లో మన వాగులకు సొంత నీరు ఉండదు, పారేదంతా గొట్టంలోంచి వచ్చిందే. కాబట్టి పలచన ఒక్క రెట్టు, అంటే లేనట్టే. 2009 ప్రాంతంలో పటాన్‌చెరు కేంద్రం నీళ్లను 18 కిలోమీటర్ల పైపులో హైదరాబాద్ మురుగులో కలిపి, అంబర్‌పేట శుద్ధి కేంద్రం దాటించి మూసీలోకి పంపే ఏర్పాటు జరిగింది. నక్కవాగు దగ్గర అంకె తగ్గింది. మూసీలో ఎంత పలచబడిందో, మూసీ నీళ్లతో వరి, గడ్డి పండించే దిగువ ఊళ్ల పొలాల్లో ఎంత చేరిందో కొలవాల్సిన బాధ్యత పటాన్‌చెరు మండలి కార్యాలయానిదా, హైదరాబాద్‌దా, నల్గొండదా అన్నది తేలాలి. హద్దును గొట్టం మూతి దగ్గర పెట్టాలా, వాగులో కలిసిన చోట పెట్టాలా, ఏ నెల నీళ్లను ప్రమాణంగా తీసుకోవాలి అన్న ఈ సంగతులు నియమాల్లో రాస్తే చాలు. వాటిని రాయడానికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు.